మోకాళ్ల పంతులమ్మ

కోంటా బజారులో మంగాదేవి బట్టల కొట్టు తెలియనివాళ్లు లేరు. శబరి ఏటి అవతలి ఆంధ్ర పల్లెల నుంచి ఇవతల దోర్నపాల్ దాకా, పెళ్లి చీర అంటే ముందు ఆమె గడపే తొక్కుతారు. ఆమె పుట్టింది భోపాలపట్నంలో. తండ్రి సైకిలు వెనక బట్టల మూట కట్టుకుని సంతలు తిరిగేవాడు. బడి లేని రోజుల్లో ఆ మూట మీద ఈమె కూర్చునేది. గుడ్డను రెండు వేళ్ల మధ్య పెట్టి ఒక్కసారి నలిపితే చాలు, అది ఎన్ని ఉతుకులకు ఆగుతుందో చెప్పే విద్య అక్కడే పట్టుబడింది. పంతొమ్మిదో ఏట కోంటా కోడలైంది. భర్త కాశయ్య మెతక మనిషి, గిరాకీ గట్టిగా అడిగితే ధర దిగిపోయేవాడు. ఆయన పోయి పదకొండేళ్లయింది. దినాలు ముగిసిన మర్నాడే ఆమె వెళ్లి కొట్లో గద్దీ మీద కూర్చుంది.

గద్దీ అంటే సింహాసనమేమీ కాదు. నేల మీద పరిచిన మందపాటి పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. ఎదురుగా చాప మీద గిరాకీలు. హిందీ వాళ్లతో హిందీలో, హల్బీ వాళ్లతో హల్బీలో, అడవి పల్లెల దోర్ల ఆడవాళ్లతో వాళ్ల దోర్లీలో మాట్లాడుతూ, చీర మడత విప్పి ఒక్క విసురు విసిరితే అది సరిగ్గా వాళ్ల ఒళ్లో పడేది. ఆ విసురు చూడ్డానికే వచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

ఆమెకు యాభై ఎనిమిది నిండిన ఏడాది మాఘమాసంలో ఒక దోర్ల కుటుంబం పెళ్లి బట్టలకు వచ్చింది. పెళ్లికూతురికి వెనక అర మీదున్న నీలం అంచు చీర మీద మనసైంది. మంగాదేవి చెయ్యి నేలకు ఆనించి లేవబోయింది. కుడి మోకాలు టక్కుమంది, మళ్లీ కూలబడింది. రెండోసారి సగం దాకా లేచి మళ్లీ కూర్చుండిపోయింది. మూడోసారి పెళ్లికూతురి తల్లి ఒక రెక్క, మేనత్త ఇంకో రెక్క పట్టుకుని లేపారు. ఎవరూ నవ్వలేదు. మేనత్త మాత్రం పక్కదానితో దోర్లీలో మెల్లగా, “పాపం, ముసల్ది” అంది. ఆ భాష సావుకారమ్మకు తమంత బాగా వచ్చని ఆ క్షణాన మరిచిపోయినట్టుంది.

మంగాదేవి చీర తీసి ఇచ్చింది, బేరం పూర్తి చేసింది, గుమ్మం దాకా సాగనంపింది. ఆ సాయంత్రం వరకూ మళ్లీ కూర్చోలేదు. కూర్చుంటే లేవాలి కదా.

కొడుకు శ్రీకాంత్‌కు సంగతి తెలిసి తిరిగే కుర్చీ ఒకటి తెచ్చాడు. “ఇంక నేల మీద వద్దమ్మా. కౌంటర్ కట్టిస్తా. నువ్వు కుర్చీలో కూచుని చెప్తే చాలు, పనివాళ్లు చూపెడతరు.”

“గిరాకీ కింద, నేను పైన కూచుంటే చీర ఎవరి ఒళ్లో పడతది? కుర్చీ నువ్వు వాడుకో” అంది. కుర్చీ మంచిదే. కానీ అందులో కూర్చుంటే ఇక దిగనని ఆమెకు లోపల తెలుసు.

భద్రాచలం పోయి ఎముకల డాక్టరుకు చూపించుకున్నారు. ఆయన ఎక్స్‌రే దీపానికి పెట్టి చూసి, ఆపరేషన్ దాకా ఇంకా రాలేదన్నాడు. “కీలు అరిగింది, అది మళ్లీ మొలవదు. కానీ తొడ కండ గట్టిపడితే కీలు మీద బరువు తగ్గుతుంది. బరువు కొంచెం దిగాలి, కండ పెంచాలి. ఫోన్లో చూసి సొంతంగా చేయకండమ్మా. తెలిసిన మనిషిని ఒకరిని పెట్టుకోండి.”

తెలిసిన మనిషి అంటే ఎవరు? బస్సులో తిరిగి వస్తూ దారిపొడుగునా మంగాదేవి అదే ఆలోచించింది. దర్జీని ఎంచుకోవడం ఆమెకు తెలుసు. సూరత్ నుంచి సరుకు పంపేవాణ్ణి గొంతు విని అంచనా కట్టడం తెలుసు. తన ఒంటిని ఎవరి చేతిలో పెట్టాలో ఎంచుకునే పని ఇంతవరకు పడలేదు. అయినా ఎంపిక ఎంపికే అనుకుంది. తొందరపడకపోతే సరి.

మొదట కోడలు మాధురి చొరవ తీసుకుంది. ఖమ్మం పిల్ల, ఫోన్లో దొరకనిది లేదని నమ్మకం. “అత్తయ్యా, హైదరాబాద్ కోచ్ ఒకాయన ఆన్‌లైన్లో నేర్పుతాడు. మా అక్క ఆయన దగ్గరే ఎనిమిది కిలోలు తగ్గింది. మీరు బయటికి కూడా పోనక్కర్లేదు.”

ఆ కోచ్ రోజూ పొద్దున ఒక జాబితా పంపేవాడు. గుంజీలు ముప్పై, గోడకు ఆనుకుని కూర్చోవడం నిమిషం, ఎగురుడు ఇరవై. మంగాదేవి ఎక్స్‌రే ఫోటో పంపింది. దానికి అటువైపు నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది, అంతే. మూడో రోజు ఆమె ఏమీ చేయలేదు. మంచం మీద కూర్చుని టీ తాగింది. సాయంత్రం మాధురి చేత, ఈరోజు నలభై గుంజీలు తీశాను అని రాయించింది. క్షణంలో జవాబొచ్చింది: “సూపర్ మేడమ్. రేపు యాభై.”

మంగాదేవి ఫోన్ కోడలికి ఇచ్చేసింది. “చూడని గుడ్డకు రంగు మెచ్చుకునేటోడు నాకొద్దు.”

మాధురి చిన్నబుచ్చుకోలేదు. నవ్వి, “మీరు నలభై తీశారంటే నేనే నమ్మలేదు, ఆయనెట్లా నమ్మాడో” అంది.

రెండోది బస్టాండు దగ్గరి జిమ్. దాని యజమాని శివప్రసాద్ పరాయివాడు కాదు. కాశయ్య చిన్నాన్న కొడుకు ధర్మయ్యకు కొడుకు, మంగాదేవికి కొడుకు వరస. మంచివాడు, కష్టజీవి. పోలీసు భర్తీకి, ఫారెస్టు గార్డు పరీక్షకు తయారయ్యే కుర్రాళ్లతో ఆ గది పొద్దున్నే కిటకిటలాడుతుంది. గోడల నిండా అద్దాలు.

“రా పెద్దమ్మా” అని ఎంతో మర్యాదగా లోపలికి తీసుకెళ్లాడు. సైకిలు లాంటి యంత్రం మీద కూర్చోబెట్టాడు. ఆమె రెండు నిమిషాలు తొక్కేసరికి, “మూడు నెలలు నాకు వదిలెయ్ పెద్దమ్మా. పదిహేను కిలోలు తీసేస్తా. మోకాలు నొప్పి అన్నమాటే ఉండది. గ్యారంటీ. ఈ పొడి ఒకటి పొద్దున పాలల్ల కలుపుకో” అని ఒక డబ్బా చూపించాడు.

మంగాదేవి యంత్రం దిగింది. “ప్రసాదూ, నా ఏ కాలు నొప్పి?”

అతను డబ్బా పక్కన పెట్టాడు. “రెండూ గదా పెద్దమ్మా.”

“కుడిది. అడిగితే చెప్పేదాన్ని” అంది కటువుగా కాకుండా. “నీ పిల్లలకు నువ్వు మంచి గురువువే. పరుగుకు తయారు చేసుడు నీకు తెలుసు. నా పని వేరే.”

వెంట వచ్చిన శ్రీకాంత్ దారిలో బాధపడ్డాడు. “ధర్మయ్య బాబాయి ఏమనుకుంటడు?”

“ఏమన్నా అనుకోనీ. రంగు దిగదు అని అడగకముందే చెప్పి అమ్మే గుడ్డ మొదటి ఉతుక్కే దిగుతది. ఇది నా వ్యాపారమే గదరా.”

ఇద్దరూ కుదరలేదు, మూడో మనిషి కనబడలేదు. మంగాదేవికి దిగులేమీ కలగలేదు. నచ్చని సరుకు తిప్పి పంపినప్పుడు గద్దీ రెండు రోజులు ఖాళీగా ఉంటుంది, మంచి సరుకు మూడో రోజు వస్తుంది. ఆ ధైర్యంతోనే ఉంది. ఈలోపు లేవడానికి పక్కన ఒక బలమైన పీట పెట్టుకుంది.

మార్చి మొదటి వారంలో ఒక పిల్ల కొట్టుకొచ్చింది. ఇరవై ఏడేళ్లుంటాయి. ఎండకు వన్నె తేరిన సన్నటి మనిషి, ముడి బిగించిన జుట్టు, కాళ్లకు బూట్లు. బూట్లు గుమ్మం బయట విప్పి వచ్చి మందపాటి నూలు గుడ్డ కావాలంది. పేరు ఇర్మె. ఊరి చివరి దోర్ల పేటలో ఇల్లు, ఆ పేటను అక్కడ పారా అంటారు. ఆశ్రమ హాస్టల్లో చదివి, ఖోఖోలో రాష్ట్రం దాకా ఆడి, జగ్దల్‌పూర్‌లో వ్యాయామం పంతులమ్మ చదువు పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తోంది. మహిళా దినం ఆటలకు ఊరి ఆడవాళ్ల చేత తాడు లాగే పోటీకి సాధన చేయిస్తోందట. తాడు నడుముకు ఒరుసుకోకుండా పట్టీలు కుట్టించాలి, దానికే ఈ గుడ్డ.

మంగాదేవి ఒక తాను తీసి ఇచ్చింది. ఇర్మె దాన్ని వెంటనే కొనలేదు. నడుముకు చుట్టుకుంది, రెండు చేతులతో గుంజింది, వెనక్కి వాలింది. “ఇది జారుతదమ్మా. దీనికన్నా గరుకుది ఉన్నదా?”

మంగాదేవికి ముచ్చటేసింది. గరుకుది వెతికి ఇచ్చింది.

పోటీ రోజు కొట్టు మధ్యాహ్నానికి మూసి బడి మైదానానికి వెళ్లింది. ఊరికే చూద్దామని. ఇర్మె జట్టులో ఎనిమిది మందీ నడివయసు వాళ్లే, తునికాకు కోసే చేతులు, నాట్లు వేసే నడుములు. వాళ్లలో నందే అనే ఆవిడ అందరికన్నా బలమైనది, తాడు చివర కొక్కెంలా నిలబడేది. మొదటి రెండు పోటీలు గెలిచారు. చివరిదానికి ముందు ఇర్మె నందే భుజం మీద చెయ్యేసి, చేతిని మెల్లగా పైకెత్తించి చూసింది. నందే పళ్లు బిగపట్టింది. ఇర్మె ఆమెను పక్కన కూర్చోబెట్టేసి, ఇంకొకామెను చివర నిలబెట్టింది.

ఓడిపోయారు. నందే మండిపడింది. జనంలో కొందరు కూడా, గెలిచేదాన్ని ఈ పిల్ల చెడగొట్టింది అన్నారు. ఇర్మె గొంతు పెంచలేదు. తాడు చుట్టుకుంటూ నందేతో అంది: “తాడు వచ్చే ఏడు గూడా ఉంటది. నీ భుజం పోతే ఇంకోటి ఎక్కడ తెస్త? జూన్‌లో నాటు ఎవరు వేస్తరు?”

మంగాదేవి ఆ మాట విని, గుంపు తగ్గేదాకా చెట్టు నీడన నిలబడి ఉండి, అప్పుడు దగ్గరికి వెళ్లింది.

“ఇర్మే, నాకు నేల మీద కూచుని, ఒకరి చెయ్యి పట్టకుండా లేవాలె. నేర్పుతవా?”

ఇర్మె ఆమె కాళ్ల వైపు చూసింది. “కుడి మోకాలా?”

“నీకెట్లా తెలుసు?”

“మైదానంలకు వచ్చేటప్పుడు మెట్టు ఎడమ కాలితో ఎక్కినవు. దిగేటప్పుడు కుడి కాలు ముందు పెట్టినవు.” అని చెప్పి, “డాక్టరు కాగితం ఉన్నదా? నేను ఇట్లాంటి మోకాలికి ఎప్పుడూ చెయ్యలేదమ్మా. నాకు చేతనైతదో లేదో చూసి చెప్త. జగ్దల్‌పూర్‌ల మా సార్ ఉన్నడు, ఆయన్ని అడుగుత. రెండు రోజులు ఇయ్యి.”

మంగాదేవి ఆ క్షణంలోనే ఎంచుకుంది. రెండు రోజులు ఇర్మె కోసం ఇచ్చిందే తప్ప తనకోసం కాదు. తనకు తెలియదని చెప్పగలిగిన మనిషి తెలిసిందాన్ని తెలుసనే చెప్తుందని ఆమె నమ్మకం. యాభై ఏళ్లుగా ఆ నమ్మకం ఆమెను ముంచలేదు.

మూడో రోజు పొద్దున్నే ఇర్మె నోటుపుస్తకంతో వచ్చింది. సార్ ఏమన్నాడో, ఆయన చెప్తే ఫిజియోథెరపీ చేసే ఒక మేడమ్‌తో ఏం మాట్లాడిందో అంతా రాసుకొచ్చింది. ఇచ్చిపుచ్చుకునే మాటలు రెండు నిమిషాల్లో తెమిలాయి. తర్వాత ఇర్మె రెండు షరతులు చెప్పింది. నొప్పి వస్తే దాచకూడదు. తాను ఆపమంటే ఆపాలి.

“సరే” అంది మంగాదేవి. “ఎక్కడ చేద్దాం, డాబా మీదా?”

“ఎక్కడ లేవాల్నో అక్కడే.”

కొట్టు తెరవడానికి గంట ముందు ఇద్దరూ గద్దీ దగ్గర నిలబడ్డారు. ఇర్మె చూపించాలంటే ముందు తాను గద్దీ మీద కూర్చోవాలి. ఆమె కదలలేదు. మంగాదేవికి ఎందుకో వెంటనే అర్థమైంది. ముప్పై తొమ్మిదేళ్లలో ఆ తెల్ల దుప్పటి మీద పారా మనిషి ఎవరూ కూర్చోలేదు. కూర్చోకూడదని ఎవరూ ఎప్పుడూ అనలేదు కూడా. అనాల్సిన పని పడలేదు, అంతే. చాప ఉండేది. ఆమె అత్తగారి కాలంలో ఉండేది, ఆమె కాలంలోనూ ఉంది. అది తలుచుకుంటే మంగాదేవికి ముఖం వేడెక్కింది. దుప్పటి మీది ముడత సరిచేసి, “కూచో ఇర్మే, చూపెట్టు” అంది.

ఇర్మె కూర్చుంది. ఎలా ఒక పక్కకు ఒరగాలో, చేతులు ఎక్కడ ఆనాలో, మోకాలి కింద మడతపెట్టిన తువ్వాలు వేసి నాలుగు కాళ్ల మీదికి ఎలా రావాలో, ఒక పాదం ముందుకు తెచ్చి తొడ మీద చేతులు నొక్కి ఎలా లేవాలో నాలుగుసార్లు చేసి చూపింది. “ఇది ఆఖర్న వచ్చేది. మనం పైనుంచి మొదలుపెడదాం.”

పైనుంచి అంటే శ్రీకాంత్ తెచ్చిన కుర్చీ నుంచి కాదు, అది తిరుగుతుంది. ఇర్మె ఒక బల్లపీట తెచ్చి గోడకు ఆనించి, దాని మీద షర్టు గుడ్డ తానులు పద్నాలుగు పేర్చింది. ఆ ఎత్తు మీద కూర్చుంటే మంగాదేవి కాళ్లు దాదాపు చాచే ఉన్నాయి. చేతులు ముందుకు చాపి, ముక్కు పాదాల మీదికి వచ్చేలా ఒంగి, మడమలతో నేలను తొక్కి లేవాలి. లేచింది. ఏ కష్టమూ లేదు.

“ఇది ఎవరైనా లేస్తరు గదే” అంది.

“లేవనీ. రోజూ పది సార్లు. వారం అయినంక ఒక తాను తీస్త.”

అలా మొదలైంది. పొద్దున తానుల మీద లేవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం, పడుకుని కాలు చాచి జానెడు ఎత్తు ఎత్తి అయిదు లెక్కపెట్టడం. సాయంత్రం శబరి ఒడ్డున మెత్తటి నేల మీద నడక. ఇర్మె ఎప్పుడూ శభాష్ అనేది కాదు. బాగా చేస్తే మాట్లాడేది కాదు, తప్పు చేస్తే “మోకాలు లోపలికి పోతున్నది” అనేది. అన్నం తగ్గించమని కూడా చెప్పలేదు. ఏం తింటున్నావో రాయమంది. రాసేసరికి మధ్యాహ్నం గిరాకీలతో తాగే ఆరు చక్కెర టీలు కాగితం మీద కనబడ్డాయి. మంగాదేవే వాటిని రెండుకు దించింది.

ఊరు ఊరుకుంటుందా. నెల తిరక్కముందే ధర్మయ్య వచ్చి కూర్చున్నాడు. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాడు. “వదినా, ఇంట్ల మా ప్రసాదు ఉండంగ బయటి మనిషి ఏంది? అదీ పారా పిల్ల. నీకు ఆర్డర్లు ఏస్తున్నదట. గద్దీ మీద గూడ కూచుంటున్నదట.”

“కూచోకపోతే లేచుడు ఎట్లా చూపెడతది మరిదీ?”

“నవ్వులాట గాదు. బజార్ల మాట పడుతున్నది.”

“నన్ను ఇద్దరు పట్టి లేపిన రోజు బజార్ల ఎవరు మాట్లాడిన్రు? ఎవరూ మాట్లాడలే. నేను లేచుడు నేర్చుకుంటే మాట్లాడుతున్నరా?” మంగాదేవి గొంతులో కోపం లేదు. “ప్రసాదు మీద నాకు చిన్నచూపు లేదు. మన పిల్లలెవరన్నా పోలీసు పరుగుకు పోతే వాని దగ్గరికే పంపుత. ఈ పనికి ఈ పిల్ల సరైంది. గుడ్డ నాణ్యం చూస్త గానీ ఏ మగ్గం నుంచి వచ్చిందని చూడను. అట్ల చూస్తే ఈ కొట్టు ఎప్పుడో మునిగేది.”

ధర్మయ్య కోపంగానే లేచి వెళ్లాడు. పది రోజులు పలకలేదు. తర్వాత భార్య సుధామణికి రవిక గుడ్డ కావాల్సి వచ్చి తానే పలకరించాడు.

మే నెలలో మాత్రం మంగాదేవి తప్పు చేసింది. అప్పటికి తానులు ఏడుకు దిగాయి. ఎండాకాలం పెళ్లిళ్లకు కొట్టు నిండుగా ఉంది, ఆమెకు తొందర పుట్టింది. ఇర్మె రాని ఆదివారం రెండు తానులు తనే తీసేసి, పది బదులు పాతిక సార్లు లేచింది. రాత్రికి మోకాలు బొప్పి కట్టింది. నూనె రాసుకుని, చీర కుచ్చిళ్లు కిందికి దించి, సోమవారం ఏమీ ఎరగనట్టు నిలబడింది.

ఇర్మె గుమ్మంలోనే ఆగింది. “కూచో. చీర పైకి తియ్యి.” మోకాలి మీద అరచేయి పెట్టింది. వేడి తెలిసింది. వెళ్లి నాలుగు తానులు తెచ్చి బల్లపీట మీద మళ్లీ పేర్చింది. “ఇవి వచ్చే నెల దాకా దిగయ్. ఈ పది రోజులు లేచుడే లేదు. పడుకుని కాలెత్తుడు ఒక్కటే.”

“అయిదుకు దిగినదాన్ని తొమ్మిదికి ఎక్కిస్తవా?” మంగాదేవికి నిజంగానే కోపం వచ్చింది. “నా మోకాలు, నా తానులు.”

“నీవేనమ్మా. దాచొద్దన్న, దాచినవు. నువ్వు చెప్పింది చెప్పినట్టు తలూపే మనిషి కావాలంటే నన్ను వద్దని చెప్పు. నేను పోత, నాకేం కోపం లేదు.”

కొట్టు వెనక ఇంట్లో మాధురి వంటగది తలుపు దగ్గర నిలబడిపోయింది. అత్తగారితో అంత సూటిగా ఎవరూ మాట్లాడగా ఆమె వినలేదు. మంగాదేవి తానుల వంక చూసింది. తాడు వదిలేసి పక్కన కూర్చున్న నందే ముఖం జ్ఞాపకమొచ్చింది. ఆ రోజు తాను చెట్టు కింద నిలబడి మెచ్చుకున్నది ఈ మొండితనాన్నే. అది తన మీదికి వచ్చేసరికి చేదయింది.

“మంచిగ మడత పెట్టు, తానులు నలుగుతున్నయ్” అంది చివరికి. ఇర్మె మడత సరిచేసింది. ఆ విషయం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వానలు వచ్చాయి. ముసురు రోజుల్లో మోకాలు సలిపేది. అలాంటప్పుడు ఇర్మె పని తగ్గించేది. మాధురికి కూడా నడుం నొప్పి ఉండేదని అప్పుడు బయటపడింది. ఆమె కూడా పొద్దున పక్కన నిలబడి మడమలెత్తడం మొదలుపెట్టింది. అత్తాకోడళ్లకు అంతవరకు ఇంటి పని తప్ప కలిసి చేసిన పని లేదు. ఇప్పుడు ఎవరి మోకాలు లోపలికి పోతోందో ఒకరికొకరు చెప్పుకునేవారు.

ఆగస్టులో బల్లపీట తీసేశారు. తానులు నేల మీదికి దిగాయి, నాలుగు, మూడు, రెండు. సెప్టెంబరు ఇరవై తారీకు దాటాక ఒక బుధవారం, కొట్టు తెరవకముందు, ఇర్మె ఆఖరి తాను కూడా తీసి అరలో పెట్టింది. మంగాదేవి గద్దీ మీద కూర్చుంది. ఒక పక్కకు ఒరిగింది. తువ్వాలు మీద మోకాలు ఆనించింది. ఎడమ పాదం ముందుకు తెచ్చింది. తొడ మీద రెండు చేతులూ నొక్కి, ముక్కు ముందుకు తెచ్చి, మడమతో నేలను తొక్కి లేచి నిలబడింది. పట్టుకోవడానికి పక్కనే చేతులు చాపి ఉన్న శ్రీకాంత్ ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

ఇర్మె ఏమీ మాట్లాడలేదు. దాని అర్థం మంగాదేవికి తెలుసు. అయినా అడిగింది. “ఎట్లా ఉన్నది?”

“ఇంకోసారి చెయ్యి.”

రెండోసారి కూడా లేచింది. అప్పుడు కళ్లు చెమర్చాయి. ముఖం తిప్పుకుని షట్టర్ ఎత్తడానికి వెళ్లింది.

ఆ తర్వాతి సంతకు కొట్టు కిక్కిరిసింది. మంగాదేవి ఆ రోజు పద్దెనిమిది సార్లు కూర్చుంది, లేచింది. మాధురి లెక్కపెట్టింది, ఆమె కాదు. బరువు మాత్రం అయిదు కిలోలే తగ్గింది. భద్రాచలం డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి, కీలు అలాగే ఉంది గానీ కాలు మారిపోయిందని, ఏడాది తర్వాత కనబడమన్నాడు. కుర్చీ ఇప్పుడు శ్రీకాంత్ కంప్యూటర్ ముందు ఉంది. చాప మాట ఎవరూ ప్రత్యేకంగా ఎత్తలేదు గానీ, మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్లు ఏ పారా నుంచి వచ్చినా మంగాదేవి వాళ్లను గద్దీ మీద మెత్తని చోటికి రమ్మనడం మొదలుపెట్టింది. మొదట్లో వాళ్లే మొహమాటపడ్డారు. తర్వాత అలవాటయింది. బజారులో ఇర్మెకు మోకాళ్ల పంతులమ్మ అని పేరు పడింది. మందుల కొట్టు ఆవిడా, మిల్లు వాళ్ల పెద్ద కోడలూ కబురు చేశారు. ఎవరొచ్చి అడిగినా మంగాదేవి చెప్పేది ఒకటే. “ముందు ఆ పిల్ల నిన్ను ఏం అడుగుతదో విను. నేర్పే మనిషి ముందు అడగాలె, తర్వాత చెప్పాలె.”

జనవరిలో ఇర్మెకు ఉద్యోగం కాగితం వచ్చింది. ఆవపల్లి దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో వ్యాయామం పంతులమ్మ. వెళ్లేముందు రోజు నోటుపుస్తకంలో ఏడాదికి సరిపడా రాసిచ్చింది. ఏ నెలలో ఏది పెంచాలో, ఏ నొప్పికి ఏది ఆపాలో.

“నన్ను ఎవరు చూస్తరింక?” అంది మంగాదేవి.

“నువ్వే చూసుకుంటవు. లేకపోతే ఇంకొకరిని ఎంచుకుంటవు. నీకు ఎంచుడు వచ్చు గదా.”

ఫిబ్రవరి చివర మంగాదేవి ఒంటరిగా ఆవపల్లికి బయల్దేరింది. శ్రీకాంత్ కారు మాట్లాడతానన్నాడు, వద్దంది. దోర్నపాల్‌లో బస్సు మారి, కొత్త రోడ్డు మీద బాసగూడ మీదుగా పోయి, మధ్యాహ్నానికి దిగింది. అక్కడి నుంచి బడి దాకా రెండు కిలోమీటర్లు నడక. చేతిలో ఆడపిల్లల ఆట బట్టలకని గరుకు నూలు గుడ్డ మూట. దారిలో ఇప్పచెట్ల కింద రాలిన ఆకులు ఊడ్చి నిప్పు పెడుతున్న ఒకామె, మూట తన సైకిలు మీద పెట్టమంది. మంగాదేవి మూట ఇచ్చింది గానీ తాను ఎక్కలేదు. ఇద్దరూ మాట్లాడుకుంటూ నడిచారు.

మైదానంలో ఇర్మె నలభై మంది పిల్లలను వరసలో నిలబెట్టి ఉంది. దూరం నుంచి వస్తున్న మనిషిని చూసింది, కానీ ఎదురు రాలేదు. మంగాదేవి గేటు దాకా వచ్చేంతవరకు నడకనే చూస్తూ నిలబడింది.

“ఎట్లా ఉన్నవు అమ్మా?” అంది అప్పుడు.

“నువ్వే చెప్పు” అంది మంగాదేవి.

“కుడి పాదం కొంచెం బయటికి తిరుగుతున్నది. మిగతాది మంచిగున్నది.” పిల్లల వైపు తిరిగి, “ఈ అమ్మకు చోటియ్యండి” అంది.

పిల్లలు జరిగారు. మంగాదేవి మూట పక్కన పెట్టి, చీర చెంగు నడుముకు దోపుకుని, వాళ్లతో పాటు నేల మీద కూర్చుంది.